కార్లైల్ నడకదారులు: పదేళ్లు తిరిగాక నా మాట

మసాచుసెట్స్‌లో బోస్టన్‌కి వాయవ్యంగా ఇరవై మైళ్ల దూరంలో కార్లైల్ అనే చిన్న ఊరు ఉంది. 2020 జనగణనలో జనాభా 5,237. చుట్టుపక్కల యాక్టన్, వెస్ట్‌ఫర్డ్, చెల్మ్స్‌ఫర్డ్‌లలో మనవాళ్లు చాలామంది ఉంటారు. మాదీ అలాంటి పక్క ఊరే. పదేళ్లుగా వారానికి ఒకసారైనా కార్లైల్ అడవుల్లో నడుస్తున్నాను. కొత్తగా వచ్చినవాళ్లు "అమ్మానాన్నలొచ్చారు, ఎక్కడికి తీసుకెళ్లాలి?" అని అడుగుతుంటారు. వాళ్లకు విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అందరూ ముందు వెళ్లేది గ్రేట్ బ్రుక్ ఫార్మ్ స్టేట్ పార్కుకి. రాష్ట్ర ప్రభుత్వం 1974లో కొన్న భూమి ఇది. ఇరవై మైళ్లకు పైగా దారులున్నాయి. పార్కింగ్‌కి రుసుము కట్టాలి. చెరువు చుట్టూ తిరిగే దారి చదునుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా మెల్లగా నడవగలరు. పిల్లలకు ఐస్‌క్రీం కొట్టు ఉంది. నన్నడిగితే అన్నిటికంటే చూడాల్సింది అక్కడి ఆవుల కొట్టం. మా నాన్న ఊళ్లో నలభై ఏళ్లు గేదెల్ని పితికిన మనిషి. ఆ కొట్టంలో ఆవు తనంతట తనే నడిచొచ్చి నిలబడుతుంది. మెడపట్టీని బట్టి అది ఏ ఆవో యంత్రం పోల్చుకుంటుంది. పొదుగు కడిగి, చన్నులకు గొట్టాలు తగిలించి పాలు తీస్తుంది. నాన్న చాలాసేపు కదలకుండా చూశారు. చివరికి, "పాలు చేపడానికి దూడ అక్కర్లేదంటరా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ పూట మళ్లీ నడవడం కుదరలేదు, ఆయన అక్కణ్నుంచి రాలేదు.

పార్కు మంచిదే. కాకపోతే శని, ఆదివారాల్లో జాతరలా ఉంటుంది. కార్లైల్ అసలు రుచి తెలియాలంటే ఊరి సొంత భూముల్లోకి వెళ్లాలి. టౌల్, గ్రీనౌ, ఫాస్ ఫార్మ్, క్రాన్‌బెర్రీ బాగ్ లాంటివి. వీటికి టికెట్టూ లేదు, కాపలా గదీ లేదు. రోడ్డు పక్కన చిన్న బోర్డు, నాలుగైదు కార్లు ఆపుకునే చోటు, చెట్ల మీద రంగు గుర్తులు, అంతే.

గ్రీనౌ అడవిలో మా అమ్మతో నడిచిన రోజు నాకు బాగా గుర్తు. దట్టమైన పైన్ చెట్లు, ఓక్ చెట్లు. వాటి మధ్యగా నడుము ఎత్తున ఒక రాతిగోడ వంకరలు తిరుగుతూ పోతోంది. సున్నం లేదు, సిమెంటు లేదు, ఉత్త రాళ్లు పేర్చినది. అమ్మ దానిమీద చెయ్యి పెట్టి, "ఇదెవరిదో చేను రా. రాళ్లు ఏరి గట్టేసుకున్నారు. ఇక్కడ అడవి తర్వాత మొలిచింది" అంది. అమ్మది పల్నాడు. చేలో రాళ్లు ఏరడం, గట్టున పేర్చడం చిన్నప్పుడు చేసిన పనే. నేను అప్పటికి మూడేళ్లుగా ఆ గోడ పక్కనే నడుస్తున్నాను. అడవిలో గోడ ఎందుకుందని ఒక్కసారీ ఆలోచించలేదు.

అమ్మ చెప్పింది నిజమే. 19వ శతాబ్దం మధ్యకల్లా ఈ ప్రాంతంలో సగానికి పైగా అడవిని నరికి గొర్రెల బీళ్లు, పొలాలు చేశారు. ఆ తర్వాత పశ్చిమాన మంచి నేలలు దొరికి, రైళ్లు వచ్చి, పట్నాల్లో మిల్లులు పెరిగి, రైతులు ఈ రాతినేలను వదిలేసి పోయారు. వదిలేసిన బీళ్లలోనే ఇప్పుడున్న చెట్లన్నీ లేచాయి. ఇక్కడి చలికి నేలలో తడి గడ్డకట్టి ఉబ్బి, అడుగునున్న రాళ్లను ఏటా కొంచెం కొంచెం పైకి నెడుతుంది. అందుకే ఎన్నిసార్లు ఏరినా వసంతంలో మళ్లీ రాళ్లు తేలేవి. ఈ సంగతి తెలిశాక ఆ గోడల్ని దాటేటప్పుడు కాలు జాగ్రత్తగా వేస్తున్నాను. ఎవరో వీపు వంచి మోసిన రాళ్లవి.

క్రాన్‌బెర్రీ బాగ్ మనవాళ్లకు తప్పక నచ్చుతుంది. ఇక్కడి తెలుగు ఇళ్లలో వాక్కాయ దొరకనప్పుడు క్రాన్‌బెర్రీతో పప్పు, పచ్చడి చేయడం మామూలైపోయింది కదా. ఆ కాయలు ఒకప్పుడు పండిన మడి ఇదే. నిజంగా మడి లాగే ఉంటుంది: పల్లపు నేల, చుట్టూ గట్లు, నీటి కాలువలు, తూములు. కాయలో గాలి గదులుంటాయి కాబట్టి కోతప్పుడు మడికి నీళ్లు పెడితే కాయలన్నీ పైకి తేలతాయి. గట్టు మీద ఎండలో నడుస్తుంటే కళ్లు కాలవల వెంట పోతాయి, మనసు ఊరికి పోతుంది. ఎత్తుపల్లాలు లేవు కాబట్టి పెద్దవాళ్లతో మొదటి నడకకి నేను ఎంచేది ఇదే. నీడ తక్కువ, జూలైలో మాత్రం ఎండెక్కాక వద్దు.

ఏ కాలం మంచిదంటే అందరూ అక్టోబరు అంటారు, ఆకులు రంగు మారతాయని. నేను మార్చి చివర, ఏప్రిల్ మొదలు అంటాను. బురద, చలి, చెట్లకు ఒక్క ఆకు ఉండదు. అయినా సరే. అడవిలో మంచు కరిగిన నీళ్లు పల్లాల్లో నిలుస్తాయి. ఇక్కడ వీటిని వర్నల్ పూల్స్ అంటారు. ఎండాకాలానికి ఎండిపోతాయి కాబట్టి చేపలుండవు. చేపల్లేవు కాబట్టి కప్పలు, సాలమాండర్లు గుడ్లు పెట్టడానికి అక్కడికే వస్తాయి. వుడ్ ఫ్రాగ్ అనే చిన్న గోధుమరంగు కప్ప చలికాలమంతా ఆకుల కింద గడ్డకట్టి పడుంటుంది. గుండె కొట్టుకోదు, ఊపిరి ఉండదు. ఒంట్లో నిండిన చక్కెర దాని కణాల్ని కాపాడుతుంది. వాతావరణం వెచ్చబడగానే కరిగి, లేచి, నీటిగుంటకు బయల్దేరుతుంది. ఆ కప్పల కూతలు దూరం నుంచి వింటే బాతులు అరుస్తున్నట్టు ఉంటుంది. దగ్గరికి వెళ్లగానే అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే ఒకటి మొదలెడుతుంది, తర్వాత ఇంకొకటి.

చలి విరిగి మొదటి వాన పడే రాత్రి పసుపు చుక్కల సాలమాండర్లు రోడ్డు దాటతాయి. చూపుకి బల్లిలా ఉంటుంది గానీ కప్పల బంధువు. జానెడు పొడవు, నల్లటి తడి ఒళ్లు, దాని మీద పసుపుతో బొట్లు పెట్టినట్టు రెండు వరుసలు. టార్చి పట్టుకుని వానలో నిలబడి, మా అమ్మాయి తడిచేత్తో ఒకదాన్ని ఎత్తి రోడ్డు అవతల పెట్టింది. అప్పుడు మా అమ్మాయికి ఆరేళ్లు. ఇప్పటికీ మార్చిలో వాన పడితే "ఈ రాత్రేనా?" అని అడుగుతుంది.

ఏప్రిల్ సాయంకాలాల్లో టౌల్ పొలానికి కూడా వెళ్లండి. చీకటి పడే వేళకి వుడ్‌కాక్ అనే బొద్దు పిట్ట గడ్డిలో కూర్చుని ముక్కుతో మాట్లాడినట్టు కూస్తుంది. ఉన్నట్టుండి చుట్లు తిరుగుతూ ఆకాశంలోకి లేచి, కిచకిచలాడుతూ రాలే ఆకులా కిందికి దిగుతుంది.

ఇక భయపెట్టే విషయం. ఇక్కడి అడవుల్లో పిడుదులున్నాయి, మా వైపు గోమార్లంటాం. ఇవి అంటించే లైమ్ జబ్బుకి ఆ పేరు పక్క రాష్ట్రం కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊరి నుంచే వచ్చింది. మే నుంచి జూలై వరకూ పిల్ల పిడుదులు గసగసాల గింజంత ఉంటాయి, పుట్టుమచ్చ అనుకుంటాం. ఇక్కడ నడవడం మొదలెట్టిన మూడో ఏట నాకు మోకాలి వెనక కుట్టింది. వారం తర్వాత అరచేతి వెడల్పున ఎర్రటి వలయం, జ్వరం. మొదట చూపించుకున్న చోట దద్దురని పంపేశారు. రెండో చోట గుర్తుపట్టి డాక్సీసైక్లిన్ ఇచ్చారు. తగ్గింది, కానీ ఆ రెండు వారాలు ఎవరికీ రాకూడదు. లేతరంగు ప్యాంటు వేసుకుని అంచులు సాక్సుల్లోకి దోపుకోండి. ఇంటికి రాగానే స్నానం చేసి చంకలు, మోకాళ్ల వెనక, తల వెంట్రుకల్లో తడిమి చూడండి. పిడుదు ఒంటికి పట్టిన రోజులోపే తీసేస్తే జబ్బు అంటుకునే అవకాశం చాలా తక్కువ. సన్న మూతి పట్టకారుతో చర్మానికి ఆనించి తిన్నగా లాగాలి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయొద్దు.

పాయిజన్ ఐవీ సంగతీ చెప్పాలి. మూడేసి ఆకుల తీగ. అచ్చం మారేడు దళంలా ఉందని అమ్మ చెయ్యి చాపబోతే నేను అరిచినంత పని చేశాను. ఆ ఆకు జిడ్డు తగిలితే వారాల తరబడి దురద, పొక్కులు.

ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. ఊరి భూముల్లో మరుగుదొడ్లు ఉండవు, పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ముందే చూసుకోవాలి. కొన్నిచోట్ల ఫోను సిగ్నల్ పోతుంది. డిసెంబరులో నాలుగుంపావుకే సూర్యుడు దిగిపోతాడు. ఒకసారి మంచు కురిసి దారి కప్పుకుపోయింది, గుర్తులు కనపడలేదు. ఒక రాతిగోడ పట్టుకుని, దాని పక్కనే నడిచి రోడ్డెక్కాను. అప్పట్నుంచి తలకు కట్టుకునే లైటు, కాగితం మ్యాపు సంచిలో ఉండాల్సిందే. నవంబరు, డిసెంబరుల్లో జింకల వేట కాలం కాబట్టి నారింజరంగు చొక్కా కూడా.

ఇంత భూమి ఇళ్ల స్థలాలుగా మారకుండా ఎలా మిగిలిందో మా ఊరి టౌన్ మీటింగులో కూర్చున్నాకే అర్థమైంది. ఇక్కడి చిన్న ఊళ్లలో ఓటరు ప్రతి ఒక్కరూ సభకు వచ్చి, లేచి మాట్లాడి, ఓటేయొచ్చు. ఫలానా పొలం అమ్మకానికి వచ్చింది, ఊరు కొనాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది. 2000లో రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం, ఊరు ఒప్పుకుంటే ఆస్తిపన్ను మీద మూడు శాతం దాకా అదనంగా వేసుకుని ఇలాంటి వాటికి వాడుకోవచ్చు, రాష్ట్రం కూడా కొంత జత చేస్తుంది. అలా కాపాడిన భూమిని వేరే పనికి మళ్లించాలంటే రాష్ట్ర శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. 1972 నుంచీ రాష్ట్ర రాజ్యాంగంలో ఉన్న నియమం అది. మన ఊళ్లలో చెరువు శిఖాలు, పోరంబోకులు ఏమైపోయాయో చూసినవాణ్ని కాబట్టి ఆ సభలో చెయ్యెత్తినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

దారుల్ని బాగుచేసేదీ ఎక్కువగా ఊరివాళ్లే, జీతం లేకుండా. ఒక శనివారం నేనూ వెళ్లాను. బురదలో పరిచే చెక్కబాటకు పలకలు మోశాం. డెబ్బై దాటిన ఒక పెద్దాయన బురదలో మోకాళ్ల మీద కూర్చుని, మట్టం చూసుకుంటూ ఒక్కో మేకు కొట్టారు. మధ్యాహ్నానికి పన్నెండు అడుగులు తయారైంది. ఆ నడకబాట మీద ఇప్పటికీ మా అమ్మాయిని ముందు నడవమంటాను, నేను వెనక నడుస్తాను.

అమ్మ ఫోను చేసినప్పుడల్లా అడుగుతుంది, "ఆ గట్టు పడిపోలేదుగా?" అని. మొన్న చలికాలంలో గ్రీనౌలో పైవరుస రాళ్లు రెండు దొర్లాయి. ఫోటో పంపాను.