షట్‌డౌన్ ఇమీడియట్: 13 ఏళ్ళ వాడకం తర్వాత

ఒరాకిల్ డేటాబేస్‌ను ఆపడానికి నాలుగు దారులున్నాయి: నార్మల్, ట్రాన్సాక్షనల్, ఇమీడియట్, అబార్ట్. 13 ఏళ్ళుగా డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడు) పని చేస్తూ నాలుగూ వాడాను. ఇంటర్వ్యూకి వచ్చే పిల్లలు వీటి తేడాలు గడగడా అప్పజెప్తారు. రాత్రి ఒంటిగంటకు మూడు వందల సెషన్లు (వాడేవాళ్ళ కనెక్షన్లు) లోపల తిరుగుతుండగా ఏది ఎలా మొండికేస్తుందో మాత్రం చెయ్యి కాలితేనే తెలుస్తుంది.

నార్మల్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉత్త షట్‌డౌన్ అని కొట్టి ఎంటర్ నొక్కాను. పక్కన ఏమీ రాయకపోతే అది నార్మల్ అని అప్పుడు తట్టలేదు. షట్టర్ సగం దించిన టిఫిన్ సెంటర్ లాంటిదది: కొత్తవాళ్ళను రానివ్వదు, లోపలున్నవాళ్ళను లేవమనదు. ఎవరో టూల్ తెరిచి ఉంచి ఇంటికెళ్ళిపోయాడు. గంటసేపు చూసి, ఓఆర్‌ఏ-01013 అనే ఎర్రర్ చెప్పి కమాండ్ తనంతట తానే విరమించుకుంది. ట్రాన్సాక్షనల్ కాస్త నయం, నడుస్తున్న లావాదేవీలు పూర్తయ్యేదాకానే ఆగుతుంది. కానీ ఎవరో ఒక అప్‌డేట్ కొట్టి కమిట్ చెయ్యకుండా, అంటే మార్పును ఖాయం చెయ్యకుండా, భోజనానికి వెళ్తే దీని గతీ అంతే.

కాబట్టి అందరం వాడేది ఇమీడియట్. పేరు చూసి వెంటనే అయిపోతుందనుకుంటే అంతకన్నా పొరపాటు లేదు. కమిట్ కాని ప్రతి లావాదేవీనీ వెనక్కి తిప్పి, సెషన్లు తెంపి, చెక్‌పాయింట్ రాసి (మెమరీలోని మార్పులను ఫైళ్ళలోకి దించి), ఫైళ్ళు శుభ్రంగా మూసి అప్పుడు ఆగుతుంది. ఇందులో వెనక్కి తిప్పడమే అసలు ఖర్చు.

అది నేర్పింది ఒక నెలాఖరు రాత్రి. ప్యాచ్ వెయ్యడానికి రెండు గంటల గడువు ఇచ్చారు. ఇమీడియట్ కొట్టాను. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, స్క్రీన్ మీద కర్సర్ మెరుస్తూనే ఉంది. ఏం జరుగుతోందో చూద్దామని ఇంకో విండోలోంచి లాగిన్ అవబోతే ఓఆర్‌ఏ-01090, షట్‌డౌన్ జరుగుతోంది, రానివ్వం అంది. అప్లికేషన్ టీమ్ కుర్రాడు ఫోన్: "అన్నా, డీబీ లేచిందా?" "ఇంకా పడుకోనేలేదు తమ్ముడూ" అన్నాను. తర్వాత తెలిసిందేమిటంటే, సాయంత్రం నుంచీ ఎవరో పాత డేటాను ఒకే డిలీట్‌లో తుడుస్తున్నారు, మధ్యలో ఒక్క కమిట్ కూడా లేకుండా.

టెన్షన్‌లో అబార్ట్ (ఏమీ సర్దకుండా ఉన్నపళంగా ఆపేసేది) కొట్టి మళ్ళీ స్టార్ట్ చేశాను. ఆశ్చర్యం, నిమిషాల్లో ఓపెన్ అయింది! బతికిపోయాం అనుకున్నాను. కానీ అప్పు ఎక్కడికీ పోలేదు. అబార్ట్ తర్వాత రెడో లాగ్‌ల (ప్రతి మార్పూ నమోదయ్యే ఫైళ్ళ) నుంచి మార్పులన్నీ ముందు తిరిగి పేర్చి డేటాబేస్‌ను తెరుస్తారు, పూర్తికాని లావాదేవీని వెనక్కి తిప్పే పని ఎస్‌మాన్ అనే ఒరాకిల్ సొంత ప్రాసెస్ వెనకాల చేసుకుంటూ పోతుంది. తెల్లారేదాకా ఆ టేబుల్‌ను ముట్టుకున్న ప్రతి క్వెరీ నత్తలా నడిచింది.

అప్పటి నుంచీ ఆపడం అనే పనిని కమాండ్‌కు అరగంట ముందే మొదలుపెడతాను. ముందు అప్లికేషన్ సర్వర్లు ఆపమంటాను, లేకపోతే వాటి కనెక్షన్ పూల్ (తెరిచి ఉంచుకునే కనెక్షన్ల గుంపు) తలుపు బాదుతూనే ఉంటుంది. తర్వాత లిజనర్, అంటే కొత్త కనెక్షన్లను లోపలికి తీసుకునే ప్రోగ్రామ్. దాన్ని ఆపితే కొత్తవాళ్ళు రారు గానీ లోపలున్నవాళ్ళు పోరు, సర్వర్ మీద నుంచి మనం మాత్రం సిస్‌డీబీఏగా (పూర్తి అధికారాలతో) వెళ్ళొచ్చు. షెడ్యూల్ చేసిన పనులు నడిపే జాబ్ క్యూ ప్రాసెస్‌లను సున్నా చేస్తాను, అదీ మెమరీలో మాత్రమే. అలా చేస్తే రీస్టార్ట్ తర్వాత పాత విలువ దానంతటదే వస్తుంది. ఒకసారి ఇది మరిచి శాశ్వతంగా సున్నా చేసి, రెండు రోజులు రిపోర్టులు ఎందుకు రావట్లేదని అందరం తలలు పట్టుకున్నాం.

ఇక ముఖ్యమైనది వీ-డాలర్-ట్రాన్సాక్షన్, నడుస్తున్న లావాదేవీలను చూపే ఒరాకిల్ పట్టిక. అందులో ఒక్కో లావాదేవీ ఎన్ని అన్‌డూ రికార్డులు (వెనక్కి తిప్పడానికి దాచేవి) వాడిందో కనిపిస్తుంది. పెద్దది ఉంటే దాన్ని నడుపుతున్నవాళ్ళకు ఫోన్ చేసి అడిగి, ఆ సెషన్‌ను ముందే కిల్ చేసి, నిమిషం ఆగి అంకె ఎంత తగ్గిందో చూస్తాను. 60 లక్షలుంటే, నిమిషానికి 2 లక్షలు తగ్గుతుంటే, ఇంకో అరగంట. మేనేజర్‌కు చెప్పడానికి చేతిలో ఒక లెక్క ఉంటుంది. అది సున్నాకి దగ్గరయ్యాక చెక్‌పాయింట్ ఒకటి కొట్టి ఇమీడియట్ ఇస్తే, నిజంగానే పేరు నిలబెట్టుకుంటుంది.

అబార్ట్ అంటే కొందరికి మరీ భయం. కమిట్ అయిన డేటా దానివల్ల పోదు, రికవరీ ఉన్నదే అందుకు. డేటాబేస్ పూర్తిగా బిగుసుకుపోతే నేనూ వాడతాను, కానీ వెంటనే రిస్ట్రిక్ట్ మోడ్‌లో (మామూలు వాడకందార్లను రానివ్వకుండా) లేపి, మళ్ళీ ఇమీడియట్‌తో శుభ్రంగా దించుతాను. అబార్ట్ చేసిన స్థితిలో ఫైళ్ళు కాపీ చేసి కోల్డ్ బ్యాకప్ (శుభ్రంగా ఆపాక తీసే కాపీ) అని పేరు పెట్టడం మాత్రం వద్దు.

మనం ఇంత జాగ్రత్తగా ఉన్నా, లినక్స్ అడ్మిన్ సర్వర్‌ను రీబూట్ చేస్తే కథ మారుతుంది. ఆపమని చెప్పాక, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లే చూస్తుంది, తర్వాత ప్రాసెస్‌లను చంపేస్తుంది. ఆ గడువు మా సర్వీస్ ఫైల్లో పెంచి పెట్టాను.

రెండేళ్ళ కింద పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ కూడా నా నెత్తిన పడింది. అక్కడ మూడే: స్మార్ట్, ఫాస్ట్, ఇమీడియట్. 9.5 వెర్షన్ నుంచి ఏమీ చెప్పకపోతే ఫాస్ట్ (ఒరాకిల్ ఇమీడియట్ లాంటిది), మంచి మార్పు. దాన్ని ఆపే కమాండ్ పీజీ-కంట్రోల్ 60 సెకన్లు చూసి సర్వర్ ఆగలేదంటుంది, కంగారు పడక్కర్లేదు, ఆగే పని లోపల సాగుతూనే ఉంటుంది. ముందే ఒక చెక్‌పాయింట్ కొడితే ఇక్కడా సమయం కలిసొస్తుంది. అసలు చిక్కు పేర్లతోనే. పోస్ట్‌గ్రెస్‌లో ఇమీడియట్ అంటే ఒరాకిల్‌లో అబార్ట్ లాంటిది. ఒరాకిల్ నుంచి వచ్చిన చేతులు అలవాటుగా అదే టైప్ చేస్తాయి. నా చేతులు రెండుసార్లు చేశాయి. ఇప్పుడు మా పోస్ట్‌గ్రెస్ రన్‌బుక్ (ఏ పని ఎలా చెయ్యాలో రాసుకున్న పుస్తకం) మొదటి పేజీలో ఆ ఒక్క మాటే ఎర్రగా కొట్టేసి ఉంటుంది, పక్కన ఫాస్ట్ అని నా చేతిరాతతో.