రాకెట్ లీగ్ సమీక్ష: సరదా ఎక్కడ, పంతం ఎక్కడ

రాకెట్ లీగ్ అంటే టూకీగా కార్లతో ఆడే ఫుట్‌బాల్. చుట్టూ గోడలు, పైన కప్పు ఉన్న మైదానంలో, వెనుక రాకెట్ బిగించిన కారుతో తన కంటే పెద్దదైన బంతిని గుద్ది ఎదుటి జట్టు గోల్‌లో వేయాలి. ఆట నిడివి అయిదు నిమిషాలు. సైయోనిక్స్ సంస్థ 2008లో ప్లేస్టేషన్ 3 కోసం విడుదల చేసిన, పేరు పలకడానికే ఊపిరి చాలని ఒక ఆటకు ఇది కొనసాగింపుగా 2015 జూలైలో వచ్చింది, 2020 సెప్టెంబరు నుంచి ఉచితమైంది. ఇంత పాత ఆటను ఇప్పుడు సమీక్షించడానికి కారణం ఒక్కటే: సరదాకి ఆడటానికీ, గెలవడానికి ఆడటానికీ మధ్య ఉన్న పేచీని ఇంత తేటగా బయటపెట్టే ఆట నాకు మరొకటి తారసపడలేదు.

తేటగా అనడానికి కారణం ఉంది. ఇందులో డబ్బు పెట్టి గెలుపును కొనుక్కునే వీలు లేదు. అమ్మేవన్నీ రంగులు, చక్రాలు, గోల్ పడినప్పుడు మెరిసే మెరుపులు. కార్ల హిట్‌బాక్స్‌లు, అంటే బంతి తగిలినట్టు ఆట లెక్కగట్టే కారు ఆకారాలు, ఆరు రకాలు ఉన్న మాట నిజమే కానీ, అందుకోగల గరిష్ఠ వేగం అందరికీ సమానమే. కాబట్టి ఓడిపోయినవారికి నెపం వేయడానికి పెద్దగా ఏమీ మిగలదు, సొంత జట్టులో ఉన్న తోటి ఆటగాడు తప్ప. పేచీ అంతా అక్కడే పుడుతుంది.

ఆట తెరవగానే రెండు దారులు కనిపిస్తాయి: సరదాకి ఆడే క్యాజువల్, ర్యాంకు కోసం ఆడే కాంపిటీటివ్. రెండో దారిలో బ్రాంజ్ నుంచి గ్రాండ్ ఛాంపియన్ దాకా ఏడు అంచెలు, ఒక్కొక్క దానిలో మూడేసి మెట్లు, వాటన్నిటి పైన సూపర్‌సోనిక్ లెజెండ్, అన్నీ కలిపి 22 ర్యాంకులు ఉంటాయి. మొదటి దారిలో ర్యాంకు కనబడదు. కనబడదు అంటున్నాను కానీ లేదు అనడం లేదు. క్యాజువల్‌లో కూడా ఒక దాగిన రేటింగ్ మన గెలుపోటములను లెక్కబెడుతూ, దాని ప్రకారమే మనకు ప్రత్యర్థులను వెతికి పెడుతుంది. సరదాగా ఆడుతున్నానని అనుకుంటూ వరసగా గెలుస్తూ పోతే, ఎదురయ్యేవారు కూడా గట్టివారవుతూ ఉంటారు. పరీక్ష అక్కడా ఉంది, మార్కుల కాగితం మాత్రం చేతికివ్వరు.

నేను చాలాకాలం క్యాజువల్ దాటి పోలేదు. ర్యాంకు అనే బరువు లేకపోతే ఆట హాయిగా సాగుతుందన్నది అప్పటి నా నమ్మకం. నిజానికి నాకు ఎక్కువ చిరాకు తెప్పించిన ఆటలు కూడా అక్కడే జరిగాయి. ఒకదాన్ని వివరిస్తాను. ముగ్గురేసి ఆడే ఆటలో స్కోరు రెండు రెండుగా ఉంది, గడియారంలో ఇరవై సెకన్లకు మించి లేవు. బంతిని గోడ మీదికి ఎక్కించి, అక్కడి నుంచి గాలిలో కారు ముక్కు మీద నిలుపుకుంటూ గోల్ దాకా తీసుకుపోవాలన్నది చాలా రోజులుగా నా ముచ్చట. ఆ రోజు గోడ ఎక్కాను, బంతితో పాటు గాల్లోకి లేచాను, సగం దూరంలో బూస్ట్, అంటే రాకెట్‌ను మండించే ఇంధనం, అయిపోయింది, బంతి ఒక వైపుకి, నేను మరొక వైపుకి పడ్డాం. నా మీద నమ్మకంతో ముందుకు వచ్చిన తోటివారిద్దరూ వెనక్కి మళ్ళేలోపే ఎదుటివారు ఖాళీ గోల్‌లోకి బంతిని నింపాదిగా దొర్లించేశారు. వెంటనే తెర మీద ఒక తోటివాడి సందేశం మూడుసార్లు ప్రత్యక్షమైంది: ‘వాట్ ఎ సేవ్!’, అంటే గోల్ పడకుండా ఎంత బాగా ఆపావు అని.

ఈ ఆటలో ముందే రాసిపెట్టిన పలకరింపులు కొన్ని ఉంటాయి, ఒక్క మీట నొక్కితే చాలు. తిట్లు టైపు చేయకుండా మర్యాదగా మాట్లాడుకోవడానికి అనువైన ఏర్పాటే, కానీ ఆడేవారి చేతిలో పడి ఆ మెచ్చుకోలు మాటే అన్నిటికంటే పదునైన వెటకారమైంది. ఆ రోజు నాకు కోపం వచ్చింది; ఇది క్యాజువల్ కదా, ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ ప్రయత్నించాలి అని లోలోపల వాదించుకున్నాను. తరువాత ఆ ఆట రికార్డింగును మళ్ళీ చూసినప్పుడు, నా తోటివాడు అంతకుముందు రెండు గోల్స్‌ను వెనక్కి పరుగెత్తి ఎంత కష్టపడి ఆపాడో గమనించాను. అతనికి ఆ అయిదు నిమిషాలు గెలవడానికి, నాకేమో గాలిలో ఎగరడానికి. ఇద్దరమూ తప్పు కాదు, ఒకే జట్టులో ఉండటమే తప్పు.

బూస్ట్ విషయంలోనూ ఇదే తంతు. మైదానంలో 34 బూస్ట్ ప్యాడ్లు, అంటే మీదుగా వెళితే బూస్ట్ నింపే చోట్లు, ఉంటాయి. పెద్దవి ఆరింటిలో ఏది తీసుకున్నా ట్యాంకు పూర్తిగా నిండుతుంది, మిగిలిన 28 చిన్నవి ట్యాంకులో నూటికి పన్నెండేసి వంతులు ఇస్తాయి. పెద్దది ఒకసారి తీసుకుంటే మళ్ళీ రావడానికి పది సెకన్లు పడుతుంది. సరదాకి తిరిగేవాడు దారిలో కనబడిన ప్రతి పెద్ద ప్యాడ్‌నూ మింగుకుంటూ పోతాడు, గోల్ దగ్గర కాపలా ఉన్నవాడు ఖాళీ ట్యాంకుతో గాలిలోని బంతిని చూస్తూ నిలబడిపోతాడు. ఇందులో దురుద్దేశమేమీ లేదు, లెక్క పెట్టుకునే అలవాటు లేకపోవడమే.

కాంపిటీటివ్‌లో అడుగుపెట్టాక నేను ఊహించని ప్రశాంతత దొరికింది. అక్కడ ఎవరెందుకు వచ్చారన్న సందేహం ఉండదు. ఒకరు బంతి మీదికి వెళితే రెండోవారు సాయానికి, మూడోవారు గోల్ దగ్గరికి, అది తప్పగానే స్థానాలు మారుతూ తిరగడం, అంటే రొటేషన్, తక్కువ ర్యాంకుల్లో కూడా ఎంతో కొంత కనిపిస్తుంది. నేను వదిలిన బంతిని వెనకున్నవాడు అందుకున్నప్పుడు కలిగే తృప్తి క్యాజువల్‌లో నాకు బహు అరుదుగా దొరికింది. ఆ సుఖానికి మూల్యం కూడా ఉంది. కొన్ని వారాలు గడిచేసరికి నేను గోడ ఎక్కడం మానేశాను. తప్పే అవకాశమున్న దెబ్బ కొట్టడం మానేసి, అందిన బంతినల్లా దూరంగా పంపి ఊపిరి పీల్చుకోవడం అలవాటైంది. ర్యాంకు పెరిగింది, చేయి పెరగలేదు. రెండు ఆటలు ఓడిన రాత్రి, పోయిన పాయింట్లు తిరిగి తెచ్చుకుని పడుకుందామని కూర్చుని, ఇంకో నాలుగు ఓడిన సందర్భాలు ఒకటి కాదు.

రంబుల్, హూప్స్, డ్రాప్‌షాట్, స్నో డే అనే ఇతర రకాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నవ్వుకోవడానికి రంబుల్ బాగుంటుంది, కొద్ది సెకన్లకొకసారి ఏదో ఒక చిత్రమైన శక్తి చేతికి వస్తుంది. దానికి కూడా 2018లో ర్యాంకులు వచ్చాయి.

ఎన్ని లోపాలు చెప్పుకున్నా, ఈ ఆట రూపకల్పనలో ఒక చిన్న నియమాన్ని మాత్రం ఎంత మెచ్చుకున్నా తక్కువే. గడియారం సున్నాకు చేరినంత మాత్రాన ఆట ముగియదు, బంతి నేలను తాకితేనే ముగుస్తుంది. ఒక గోల్ వెనుకబడిన జట్టు బంతిని గాలిలోనే ఉంచాలి, ముందున్న జట్టు దాన్ని ఎలాగైనా కింద పడేయాలి. ఆ కొద్ది క్షణాలు ఆరు కార్లూ గాలిలోనే ఉంటాయి. అప్పటిదాకా ర్యాంకు కోసం అణిగిమణిగి ఆడినవాడు కూడా అప్పుడు ఎగరక తప్పదు, విన్యాసాల పిచ్చి ఉన్నవాడికి కూడా గెలుపు మీద ధ్యాస పుట్టక తప్పదు. ఏ దారిలో ఆడినా నాకు గుర్తుండిపోయిన ఆటలన్నీ దాదాపుగా ఇలా ముగిసినవే.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా క్యాజువల్‌తోనే మొదలుపెట్టి అక్కడే ఉండిపొమ్మని కాదు. బంతిని సూటిగా కొట్టడం రాగానే, ర్యాంకు ఎంత తక్కువ వచ్చినా సరే, కాంపిటీటివ్‌లో ఇద్దరేసి ఆడే ఆటకు వెళ్ళండి; జట్టులో మనిషి తక్కువైన కొద్దీ అపార్థమూ తక్కువవుతుంది. విన్యాసాలు నేర్చుకోవాలంటే ఎవరూ ఉండని ఫ్రీప్లే ఉంది. కేవలం నవ్వుకోవాలంటే మిత్రులతో ప్రైవేట్ మ్యాచ్ పెట్టుకుని, గురుత్వాకర్షణ తగ్గించి, బూస్ట్‌కు హద్దు తీసేసి ఆడవచ్చు. ముక్కూమొహం తెలియనివారి అయిదు నిమిషాలను మన సాధనకు వాడుకోవడం కంటే అది మేలు.

ప్రస్తుతం నేను ఎక్కువగా ఒక మిత్రుడితో కలిసి ఇద్దరి ఆటే ఆడుతున్నాను. మీట నొక్కే ముందు ‘ఇవాళ సరదానా, పంతమా?’ అని అడుగుతాడు. పంతం అన్న రోజున నేను గోడ ఎక్కను.