బెర్తా బెంజ్ దారిలో అమ్మానాన్నలతో నాలుగు రోజులు

అమ్మానాన్నలను విజయవాడ పంపించి వారం తిరగకముందే అద్దె కార్ల కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. కుడివైపు వెనక చక్రం రిమ్ము మీద గీత పడిందట. 612 యూరోల 40 సెంట్లు కట్టాలట, లేకపోతే నా కార్డు నుంచి వాళ్లే తీసుకుంటారట. చదవగానే ఒళ్లు మండిపోయింది. ఆ గీత సంగతి కారు తీసుకున్న రోజునే మేము వాళ్లకు చూపించాం. జర్మనీలో కారు అద్దెకు తీసుకోబోయే మనవాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మా నాన్న ఆటోనగర్‌లో నలభై రెండేళ్లు లారీ మెకానిక్‌గా చేశారు. రోజూ సైకిల్ మీద బెంజ్ సర్కిల్ దాటి షెడ్డుకు వెళ్లిన మనిషి. ఆయన పని నేర్చుకునే రోజుల్లో వచ్చే పాత లారీల ముక్కు మీద మూడు కొమ్మల నక్షత్రం ఉండేదట. 1954లో టాటావాళ్లు జర్మనీలోని డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు చేయడం మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసింది, నక్షత్రం పోయింది. కానీ నాన్న తరంవాళ్లు చాలాకాలం వాటిని బెంజి లారీలనే పిలిచారు. అందుకే ఆయన ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఆ కంపెనీ పుట్టిన ఊళ్లన్నీ బెంజ్ కారులోనే తిప్పాలని అనుకున్నాను. ఆయన ఎన్నో బండ్లకు ప్రాణం పోశారు గానీ బెంజ్ కారులో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

బుధవారం నుంచి శనివారం వరకు, మామూలు ఇన్సూరెన్సుతో కలిపి 312 యూరోలకు బుక్ చేశాను. సైటులో బెంజ్ సి క్లాస్ కారు బొమ్మ పెట్టి, కింద సన్నటి అక్షరాల్లో 'లేదా అలాంటిదే' అని రాశారు. ఆ రెండు మాటలే మమ్మల్ని ముంచాయి. కౌంటర్లో అబ్బాయి తల ఎత్తకుండానే వేరే కంపెనీ కారు తాళం చేతిలో పెట్టాడు. బెంజ్ కావాలంటే రోజుకు ఇంకో 45 యూరోలన్నాడు. సరే కడతానంటే ఒక్క నిమిషం కంప్యూటర్ చూసి, ఈరోజు అసలు లేదన్నాడు. లేనిదానికి రేటు ఎందుకు చెప్పావని అడిగితే, వెనక క్యూ ఉందని చెయ్యి చూపించాడు. నాన్న ఏమీ అనలేదు. "ఏ బండైతే ఏంటమ్మా, నడిచేదే కదా" అన్నారు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

కిందికి, పార్కింగ్ సెల్లారుకు వెళ్లాం. అక్కడ సరైన వెలుతురు లేదు. నేను సామాన్లు సర్దుతుంటే నాన్న మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో చక్రం చుట్టూ బొటనవేలితో తడుముతూ వెళ్లారు. ఆ వేలిగోరు గ్రీజుకు ఎప్పుడో నల్లబడిపోయింది, రిటైరై ఆరేళ్లైనా తెల్లబడలేదు. కుడివైపు వెనక రిమ్ము దగ్గర వేలు ఆగింది. "ఇక్కడ లైటు వెయ్యి. గోరుకు తగులుతోంది" అన్నారు. ఫోన్ టార్చ్ వేస్తే రెండు వేళ్ల పొడవు గీత కనిపించింది. నంబరు ప్లేటుతో సహా మూడు ఫొటోలు తీయించారు. పైకెళ్లి చూపిస్తే అదే అబ్బాయి "చిన్నది, లెక్కలోకి రాదు" అని కాగితం మీద రాయడానికి ఒప్పుకోలేదు. లెక్కలోకి రాని ఆ గీతకే తర్వాత 612 యూరోలు అడిగారు.

ఇక యాత్ర. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి గంట ప్రయాణంలో లాడెన్‌బుర్గ్ వచ్చేశాం. నెకర్ నది ఒడ్డున చిన్న పాత ఊరు. బెంజ్ కంపెనీ పెట్టిన కార్ల్ బెంజ్, ఆయన భార్య బెర్తా చివరి రోజులు గడిపింది ఇక్కడే. వాళ్ల సమాధులూ ఈ ఊళ్లోనే ఉన్నాయి. కార్ల్ కొడుకులతో కలిసి నడిపిన పాత ఫ్యాక్టరీని ఇప్పుడు ఆటో మ్యూజియంగా మార్చారు. మేము వెళ్లినప్పుడు మధ్యాహ్నం 2 నుంచి 6 వరకే తెరిచి ఉంది. వారమంతా తెరవరు, రోజులు చూసుకుని వెళ్లండి. తర్వాత మేము చూసిన స్టుట్‌గార్ట్ బెంజ్ మ్యూజియం తళుకు ఇక్కడ ఉండదు. పైకప్పు, గోడలు, నేల అన్నీ వర్క్‌షాపువే. లోపలికి అడుగు పెట్టగానే నాన్న ఆగి గాలి పీల్చారు. "ఆయిలు వాసన" అన్నారు. కౌంటర్ దగ్గర పోయిన ఆయన నవ్వును మళ్లీ అప్పుడే చూశాను.

మూడు చక్రాల మోటార్ బండి దగ్గర మాత్రం అరగంట కదలలేదు. కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంటుకు దరఖాస్తు చేసింది ఈ రకం బండికే. ఒకే సిలిండరు, 954 సీసీ, ఒక గుర్రం బలం కూడా లేదు, గంటకు 16 కిలోమీటర్లు. ఇంజిన్‌కు మూతలేమీ లేవు. ఇంజిన్ తిరుగుడు సమంగా ఉంచే పెద్ద చక్రం, ఫ్లైవీలు, వెనక పడుకోబెట్టినట్టు ఉంటుంది, గొలుసులు చక్రాలకు వెళతాయి. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, పెట్రోలు ఎటు పోతుందో, నిప్పు ఎక్కడ పుడుతుందో, బలం చక్రానికి ఎలా చేరుతుందో వరసగా అమ్మకు చెప్పుకుంటూ పోయారు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన పని ఏమిటో తనకు ఇంత విడమరిచి చెప్పడం ఇదే మొదటిసారని రాత్రి అమ్మ నాతో అంది.

అసలు అమ్మకు ఈ యాత్ర అంటే మొదట విసుగే. "నాలుగు రోజులూ ఇనుమే చూడాలా" అని కారులో గొణిగింది. బెర్తా కథ చెప్పాక మనిషి మారిపోయింది. పెళ్లికి ముందే బెర్తా తన కట్నం డబ్బు కార్ల్ వర్క్‌షాపులో పెట్టింది. ఆ డబ్బుతోనే ఆయన భాగస్వామి వాటా కొని బయటపడ్డాడు. బండి తయారైంది గానీ కొనేవాళ్లు లేరు. జనానికి దాని మీద నమ్మకం లేదు. 1888 ఆగస్టులో బెర్తా భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను, పదిహేనేళ్ల ఓయ్‌గెన్‌ను, పదమూడేళ్ల రిచర్డ్‌ను తీసుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టిల్లు ఫోర్ట్స్‌హైమ్‌కు బయలుదేరింది. నూరు కిలోమీటర్లకు పైగా దారి. అంత దూరం అప్పటిదాకా మోటారు బండిలో ఎవరూ వెళ్లలేదు. అమ్మ అంతా విని, "కట్నం ఆమెది, ధైర్యం ఆమెది. బండి మీద పేరు మాత్రం ఆయనది" అంది. నాన్న ఎదురు చెప్పలేదు.

ఆ రాత్రి బస ఊళ్లోనే, ముగ్గురికి టిఫినుతో కలిపి 128 యూరోలు. శుభ్రంగా ఉంది.

గురువారం బెర్తా వెళ్లిన దారి పట్టాం. 2008 నుంచి దీన్ని స్మారక మార్గంగా గుర్తించారు. రానుపోను 194 కిలోమీటర్లు, బోర్డులు ఉంటాయి. హైవే ఎక్కొద్దు, ఎక్కితే ఇదంతా గంటలో అయిపోతుంది, ఏమీ కనబడదు. ఊళ్ల మీదుగానే వెళ్లండి. వీస్లోఖ్‌లో ఆగకుండా మాత్రం వెళ్లకండి. అక్కడి పాత మందుల షాపు దగ్గరే బెర్తా లిగ్రోయిన్ కొని బండిలో పోసింది. అప్పట్లో అది మరకలు పోగొట్టడానికి వాడే ద్రవం, మందుల షాపులోనే దొరికేది. అందుకే ఈ షాపును ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు అంటారు. ఎదురుగా ఆ సంఘటన గుర్తుగా శిల్పం పెట్టారు.

నాన్న ఆ శిల్పం దగ్గర నిలబడి బెర్తా పడ్డ తిప్పలన్నీ మళ్లీ నాతో చెప్పించుకున్నారు. పెట్రోలు పైపులో చెత్త అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. ఇగ్నిషన్ వైరు తొడుగు పోతే కాలి మేజోడుకు కట్టుకునే పట్టీ చుట్టింది. దిగుడు దారుల్లో చెక్క బ్రేకులు అరిగిపోతే బౌష్‌లాట్ ఊళ్లో చెప్పులు కుట్టే ఆయనతో వాటికి తోలు వేయించింది. తోలు సంగతి రాగానే నాన్న నా చెయ్యి పట్టుకున్నారు. "అది బ్రేక్ లైనింగే కదమ్మా! నేను వేసినవి ఎన్ని వేలో! మొదట వేయించింది ఈ తల్లా?" అన్నారు. ఎత్తుల్లో బండి ఎక్కక పిల్లలు దిగి నెట్టారు. తిరిగొచ్చాక ఎత్తులెక్కడానికి ఇంకో గేరు కావాలని ఆమె చెప్పడంతో కార్ల్ పెట్టాడు. "షెడ్డులో రిపేరు చేశాక ట్రయల్ వెళతాం. రోడ్డు మీదికి వెళితేనే రోగం బయటపడుతుంది. ఈమె వెళ్లింది ట్రయల్‌కే" అన్నారు నాన్న. ఈ కంపెనీ గురించి నేను చదివినదానిలో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. మెర్సిడెస్ అన్న పేరు తర్వాతెప్పుడో, డైమ్లర్ కంపెనీ కార్లు అమ్మిన యెల్లినెక్ అనే వ్యాపారి కూతురి పేరు నుంచి వచ్చింది. డైమ్లర్, బెంజ్ కంపెనీలు కలిసింది 1926లో. కానీ బండిని నమ్మొచ్చు అన్న మంచి పేరుకు పునాది పడింది మాత్రం ఈ ఊళ్ల మీదుగా వెళ్లిన ఆ ప్రయాణంలోనే.

సాయంత్రానికి ఫోర్ట్స్‌హైమ్ మీదుగా స్టుట్‌గార్ట్ చేరాం. హోటల్ రెండు రాత్రులకు 246 యూరోలు, పార్కింగ్ రోజుకు 18 అదనం. ఆ 18 దండగ. శుక్రవారం కారు కదిలించకుండా లోకల్ రైల్లోనే మ్యూజియానికి వెళ్లాం.

మెర్సిడెస్-బెంజ్ మ్యూజియం 2006లో తెరిచారు. సోమవారం సెలవు. మేము వెళ్లినప్పుడు టికెట్ మనిషికి 16 యూరోలు. లిఫ్టులో పై అంతస్తుకు తీసుకెళతారు, అక్కడ మొదట కనిపించేది తెల్ల గుర్రం బొమ్మ. అక్కడి నుంచి వంపు తిరిగిన దారిలో కాలం వెంట కిందికి దిగుతూ రావాలి. నూట అరవై దాకా బండ్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇదే మేలు, ఎక్కే పని లేదు. 16 యూరోలకు నాలుగున్నర గంటలు చూశాం, ఒక్క సెంటు వృథా అనిపించలేదు. 1936 నాటి 260 డి కారు దగ్గర నాన్న మళ్లీ పాతుకుపోయారు. డీజిల్‌తో నడిచే కార్లను వరసగా తయారుచేసి అమ్మడం దానితోనే మొదలైంది.

హిట్లర్ కాలం దగ్గరికి వచ్చేసరికి నేను ఆగి చెప్పాల్సి వచ్చింది. 1944 నాటికి ఈ కంపెనీలో పనిచేసేవాళ్లలో దాదాపు సగం మంది బలవంతంగా తెచ్చినవాళ్లు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల మనుషులు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "జీతం లేకుండా, తిండి లేకుండా ఇంజిన్లు బిగించారా?" అని మాత్రం అడిగారు. ఆ గదిలోంచి బయటికొచ్చాక వెండి రంగు రేసు కార్లను కూడా ఆయన మునుపటంత ఉత్సాహంగా చూడలేదు. డీజిల్ కార్లు హద్దు మించి విషపొగ వదిలిన వ్యవహారంలో 2019లో స్టుట్‌గార్ట్ ప్రాసిక్యూటర్లు ఈ కంపెనీకి 87 కోట్ల యూరోల జరిమానా వేశారని చెప్తే ఆయనకు కోపమొచ్చింది. పొగ చూసి ఇంజిన్ ఆరోగ్యం చెప్పే మనిషి ఆయన. అలాగే 1997లో కొత్త ఎ క్లాస్ కారు స్వీడన్‌లో పరీక్షలో పల్టీ కొట్టిందని, అమ్మకాలు ఆపి, లోపం సరిచేసి, జారకుండా పట్టి ఉంచే ఈఎస్పీని అన్ని ఎ క్లాస్ కార్లకూ పెట్టారని చెప్పాను. "అదీ పద్ధతి. తప్పు ఒప్పుకుని పని చేసిచ్చారు" అన్నారు.

సాయంత్రానికి అమ్మ కాళ్లు లాగేస్తున్నాయంటే టాక్సీ ఎక్కాం. వచ్చింది బెంజ్ ఇ క్లాస్, డీజిల్! నాన్నను ముందు కూర్చోబెట్టాను. సీటు బెల్టు పెట్టుకుని, డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఇంజిన్ విన్నారు. హోటల్ దగ్గర దిగాక డ్రైవరుకు నాన్న మెకానిక్ అని చెప్తే, ఆయన మీటరు ఆపి తనే బానెట్ ఎత్తాడు. లోపలంతా నల్లటి ప్లాస్టిక్ మూతే. నాన్న మూత అంచు తట్టి, డ్రైవరుకు దణ్ణం పెట్టారు. 19 యూరోల 60 సెంట్లు. ఈ యాత్రలో నేను సంతోషంగా ఇచ్చిన డబ్బు అదే.

ఇక ఆ బిల్లు. నాన్న తీయించిన మూడు ఫొటోలు, తేదీ, టైము కనిపించేలా పంపాను. మూడు వారాలు సమాధానం లేదు. రెండోసారి, మూడోసారి రాశాను. కార్డు బ్యాంకుకు కూడా ముందే చెప్పి పెట్టాను. చివరికి ఒక్క లైను మెయిల్ వచ్చింది, ఫైలు మూసేశామని. క్షమించమన్న మాట లేదు. మీరు కారు తీసుకునేటప్పుడు కౌంటర్‌లో మనిషి ఎంత చిన్నదన్నా సరే, గీత కాగితం మీదికి ఎక్కేదాకా తాళం తీసుకోవద్దు. రాయనంటే నంబరు ప్లేటుతో కలిపి ఫొటో తీసి, అక్కడి నుంచే వాళ్లకు మెయిల్ పెట్టండి. బొమ్మలో ఉన్న కంపెనీ కారే వస్తుందని పెద్దవాళ్లకు ఆశ పెట్టకండి.

డబ్బు కట్టక్కర్లేదని ఫోన్ చేసి చెప్తే నాన్న ముందు అడిగింది రిమ్ము గురించే.

"అయితే గీత ఇంకా అలాగే ఉందా? బఫింగ్ కొడితే పోతుందమ్మా, అరగంట పని."