రెండేళ్లు వాడాక: మా కోడ్ లైబ్రరీకి న్యూరల్ మ్యాప్

మా లైబ్రరీలోని ఫంక్షన్లను (ఒక్కో పని చేసే కోడ్ ముక్కలను) అర్థాన్ని బట్టి వెతికి, పోలిక ఉన్నవాటిని మ్యాప్‌లో చూపే టూల్ గురించి ఇది. ఇండెక్సింగ్, సెటప్ సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నాను. నాకు బాగా నచ్చింది మ్యాప్. కోడ్‌నీ మామూలు మాటల్నీ కలిపి నేర్చుకున్న కోడ్‌బర్ట్ అనే న్యూరల్ మోడల్ ప్రతి ఫంక్షన్‌నూ 768 సంఖ్యల వరుసగా, అంటే వెక్టర్‌గా, మారుస్తుంది. ఆ వెక్టర్లను కోహోనెన్ మ్యాప్ అనే గళ్ల పటానికి ఇస్తే, పోలిక ఉన్న ఫంక్షన్లు పక్కపక్క గళ్లలో చేరతాయి. త్యూవో కోహోనెన్ 1980ల మొదట్లో చెప్పిన పద్ధతి ఇది. 1990ల్లోనే పరిశోధకులు మాన్యువల్‌లోని మాటలను బట్టి సాఫ్ట్‌వేర్ కాంపోనెంట్లను ఇలా అమర్చి చూశారు. కోడ్‌బర్ట్‌ను ఉన్నదున్నట్టు వాడితే ఫలితం పేలవంగానే ఉంది. మా కోడ్, డాక్‌స్ట్రింగ్ (ఫంక్షన్ ఏం చేస్తుందో చెప్పే చిన్న వివరణ) జతలతో ఫైన్‌ట్యూన్ చేశాకే, అంటే దానికి మరికొంత శిక్షణ ఇచ్చాకే, మ్యాప్ చూడబుద్ధేసింది.

మొదటి వారంలోనే ఒక గడిలో ఐదు ఫంక్షన్లు కనిపించాయి. ఐదూ వేర్వేరు టీమ్‌లవి. ఒకదాని పేరు రీట్రై, ఇంకోదాని పేరు సేఫ్‌కాల్, మరోదాని పేరు డూఅగైన్. అన్నీ చేసేది ఒకటే: నెట్‌వర్క్ కాల్ ఫెయిలైతే కాసేపు ఆగి మళ్లీ పిలవడం. ఒకదాంట్లో ఎన్నిసార్లు పిలవాలన్న హద్దే లేదు! పదాన్ని బట్టి వెతికే గ్రెప్ టూల్‌తో ఏ పదం కొట్టి వెతికితే ఈ ఐదూ ఒకేచోట దొరికేవి? ఐదింటినీ కలిపి ఒక్కటి చేసిన రోజు నిజంగా ఎంతో సంతోషం వేసింది.

ఆ నమ్మకంతోనే ఆరు నెలల తర్వాత దెబ్బ తిన్నాను. స్థానిక సమయాన్ని యూటీసీలోకి (ప్రపంచ ప్రామాణిక సమయంలోకి) మార్చే ఫంక్షన్ కోసం వెతికాను. మొదటి ఫలితానికి స్కోరు బాగా ఎక్కువ, పేరులో రెండు మాటలూ ఉన్నాయి. తీసుకుని వాడేశాను. టెస్టులన్నీ పాసయ్యాయి. లైవ్‌లోకి వెళ్లాక రిమైండర్లు తప్పు సమయాలకు వెళ్లడం మొదలైంది. రెండు రాత్రులు టెన్షన్‌తో సిస్టమ్ లాగ్ ఫైళ్లు తిరగేశాను. చివరికి దారి చూపింది ఒక లెక్క: తేడా ప్రతిసారీ టైమ్‌జోన్ తేడాకి సరిగ్గా రెట్టింపు ఉంది. తీసేయాల్సిన చోట కలిపితేనే అలా వస్తుంది. నేను తెచ్చుకున్నది యూటీసీని స్థానిక సమయంగా మార్చే ఫంక్షన్. మా టెస్ట్ సర్వర్ యూటీసీలోనే నడుస్తుంది, అక్కడ ఆ తేడా సున్నా. అందుకే టెస్టుల్లో దొరకలేదు.

మ్యాప్ తెరిచి చూస్తే ఆ రెండు ఫంక్షన్లూ ఒకే గడిలో ఉన్నాయి. రెంటిలోనూ అవే మాటలు, వరుస ఒక్కటే తిరగబడింది. ఐదు రీట్రైలను ఒక దగ్గర చేర్చిన గుణమే ఈ ఎదురుబొదురు జంటనూ కలిపేసింది. ఒకే విషయం గురించిన కోడ్ అంటే మోడల్‌కి దగ్గరే; ఏ దిశలో పని చేస్తుందన్నది దానికి అంత బాగా పట్టదు. ఇప్పుడు బీఎం25 పదాల వెతుకులాట కూడా కలిపాం. అయినా ఇలాంటి జంటల దగ్గర అది పెద్దగా సాయపడదు, పదాలు అవే కదా. దిశ తేల్చే చిన్న టెస్ట్ రాయకుండా ఇప్పుడు ఏదీ తెచ్చుకోను.

ఆ ఐదు రీట్రైల విషయమూ ఒకటి చెప్పాలి. వాటన్నిటికీ మంచి డాక్‌స్ట్రింగ్‌లు ఉన్నాయి, ఫంక్షన్లూ చిన్నవే; అందుకే అవి మోడల్‌కి సులువు. కోడ్‌బర్ట్ ఒకసారి 512 టోకెన్లే (పదాలు, పదాల ముక్కలు) తీసుకుంటుంది. మా పొడవాటి ఫంక్షన్లను ఇండెక్స్ చేసినప్పుడు మిగతా భాగం తెగిపోయింది. కొన్ని నెలలకోసారి మ్యాప్‌కి మళ్లీ శిక్షణ ఇస్తే గళ్లు చోటు మారతాయి. పై కుడి మూలన అన్నీ ఫైల్ పనులే అని గుర్తుపెట్టుకున్న మా వాళ్లకి అది చిరాకు.

మా దగ్గర ఉన్నవి సుమారు 3,000 ఫంక్షన్లు, దాదాపు అన్నీ పైథాన్, డాక్‌స్ట్రింగ్ లేకుండా ఏదీ లోపలికి రానివ్వం. ఈ పరిస్థితిలో నాకు మ్యాప్ లేకుండా పని జరగదు, డూప్లికేట్లు ఏరడానికైతే మరీను. ఎన్‌కోడ్, డీకోడ్ లాంటి ఎదురుబొదురు జంటలే ఎక్కువున్న లైబ్రరీ మీదైతే మాత్రం, వాడమని వెంటనే చెప్పలేను.