గండిపేట చెరువు: పిక్నిక్ స్పాట్ అనుకుని వెళ్లకండి

రేటింగ్ 4/5. ఆ ఒక్క స్టార్ ఎందుకు కట్ చేశానో కింద రాశా.

మొన్న ఆదివారం అమ్మని తీసుకుని వెళ్లాను, పొద్దున ఆరున్నరకే బయల్దేరాం, ఎండెక్కితే కట్ట మీద నిలబడలేం. వానలు బాగా పడ్డాయి కదా, చెరువు నిండుగా ఉంది, అవతలి ఒడ్డు మసకమసకగా కనిపిస్తోంది. అమ్మ పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో ఆసిఫ్‌నగర్ దగ్గర. నీళ్లని చూస్తూ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఇవే బిడ్డా మేం తాగి పెరిగిన నీళ్లు" అంది. నిజమే, ఇక్కణ్ణుంచి ఆసిఫ్‌నగర్‌లో నీళ్లు శుద్ధి చేసే ఫిల్టర్ బెడ్స్ దాకా మోటార్ల పనే లేకుండా వాలు మీదే కాలువలో నీళ్లు వెళ్లేలా కట్టారు, వందేళ్ల కిందట! గండిపేట నీళ్లు తాగినోళ్లు హైదరాబాద్ వదలరని ఊరికే అనలేదు.

1908 సెప్టెంబర్‌లో మూసీ వరదకి వేలమంది పోయాక, మళ్లీ అలా జరగకూడదని ఇంజినీర్ విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి ప్లాన్ వేయించారు, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1920కి మూసీ మీద ఇది పూర్తయింది, అందుకే అసలు పేరు ఉస్మాన్ సాగర్. ఫుల్ ట్యాంక్ లెవెల్, అంటే చెరువు నిండినప్పటి నీటిమట్టం, సముద్రమట్టం నుంచి 1790 అడుగులు, దాదాపు 3.9 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) పడతాయి. ఇప్పుడు సిటీకి ఎక్కువ నీళ్లు కృష్ణా, గోదావరి నుంచే వస్తున్నాయి, కానీ అవి వంద కిలోమీటర్లకి పైగా దూరం నుంచి పంపులు పెట్టి ఎత్తి తేవాలి, ఇదేమో మన ఇంటి పక్కనే ఉంది.

ఇక ఆ స్టార్ సంగతి. ఒడ్డున బీరు సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ డబ్బాలు, చూస్తే కడుపు మండింది. తాగే నీళ్లండీ ఇవి! ఈ నీళ్లు పాడవకూడదనే 1996లో 111 జీవో తెచ్చి చుట్టూ 10 కిలోమీటర్ల దాకా కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు, 2022లో వాటిని ఎత్తేస్తూ 69 జీవో ఇచ్చారు, అది నాకు అస్సలు నచ్చలేదు. పైన ఇళ్లు లేస్తే ఆ మురుగంతా ఎటు పోతుంది, ఇటే కదా.

పిల్లలుంటే 2022లోనే తెరిచిన పార్కుకి తీసుకెళ్లండి, ఆడుకోడానికి బాగుంటుంది. నీళ్లలోకి మాత్రం దిగనివ్వొద్దు. గేట్లు ఎత్తారని తెలిస్తే మంచిరేవుల, నార్సింగి వైపు రోడ్డు ఉందో మునిగిందో కనుక్కుని బయల్దేరండి. ఒక ఖాళీ సంచి కూడా పట్టుకెళ్లండి, మేం ఆ రోజు రెండు నింపి తెచ్చాం.