'లైనక్స్ ముందే వేసి ఇస్తాం' అని ఎక్కువ డబ్బు తీసుకునేవాళ్లతో జాగ్రత్త

లైనక్స్ (విండోస్‌కు బదులు వాడుకునే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్) ల్యాప్‌టాప్‌లు మాత్రమే అమ్ముతామని చెప్పుకునే ఆ ఆన్‌లైన్ షాపు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పేరు రాయడం లేదు, గుర్తుపట్టేవాళ్లు ఎలాగూ గుర్తుపడతారు. దయచేసి అక్కడ ఆర్డర్ పెట్టకండి. పెట్టాలనే అనుకుంటే కింద రాసినవన్నీ అడిగి, జవాబు రాతలో తీసుకున్నాకే డబ్బు కట్టండి. నా డబ్బు ఇంకా వెనక్కి రాలేదు.

సంగతేమిటంటే, పనికి ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) ఉన్న ల్యాప్‌టాప్ కావాల్సి వచ్చింది. అదే మోడల్ విండోస్‌తో వేరే చోట్ల తక్కువకే దొరుకుతోంది. అయినా వీళ్ల దగ్గరే కొన్నాను. పేజీలో 'ప్రతి భాగమూ లైనక్స్ మీద పరీక్షించాం, సపోర్ట్ మాదే' అని పెద్ద అక్షరాలతో ఉంది. బిల్లులో కూడా 'లైనక్స్ ట్యూనింగ్' అని విడిగా ఒక లైను వేసి దానికి డబ్బు తీసుకున్నారు. గొడవంతా ఆ లైను గురించే.

ఎక్కువ కట్టినందుకు కాదు నా బాధ. విండోస్ లైసెన్సు లేకపోయినా లైనక్స్ ల్యాప్‌టాప్ చవకగా రాదని నాకు తెలుసు. విండోస్ మెషిన్లు భారీ సంఖ్యలో తయారవుతాయి. వాటిలో ముందే వేసి పంపే ట్రయల్ యాంటీవైరస్‌ల లాంటి వాటికి ఆ కంపెనీలు ల్యాప్‌టాప్ తయారీదారులకు డబ్బిస్తాయి, లైసెన్సు ఖర్చులో కొంత అలా తిరిగొస్తుంది. లైనక్స్ మెషిన్‌కు ఆ ఆదాయం లేదు, అమ్ముడుపోయేవీ తక్కువే. పైగా నిజాయితీగా చేసేవాళ్లకు అసలు ఖర్చు వేరే ఉంటుంది. వైఫై, సౌండ్, స్లీప్, వేలిముద్ర సెన్సర్ ఒక్కొక్కటీ పరీక్షించాలి. పనిచేయని చోట డ్రైవర్ (ఆ భాగాన్ని నడిపే ప్రోగ్రామ్) రాసి కెర్నల్‌లోకి, అంటే లైనక్స్ గుండెకాయలోకి పంపాలి. డెల్ 2012లో ఉబుంటుతో వచ్చే ఎక్స్‌పీఎస్ 13 డెవలపర్ ఎడిషన్ ల్యాప్‌టాప్ తెచ్చినప్పుడు ఇంజినీర్లను పెట్టి ఈ పని చేయించింది. లైనక్స్ కంప్యూటర్లు అమ్మే సిస్టమ్76 లాంటివాళ్లు ఏళ్లుగా ఇదే పని మీద ఉన్నారు. అలాంటి శ్రమకు ఎక్కువ డబ్బు కట్టడానికి నేను సంతోషంగా సిద్ధం. ఈ షాపు ఆ శ్రమ పేరు చెప్పి డబ్బు తీసుకుంది, శ్రమ మాత్రం చేయలేదు.

పెట్టె తెరిచి ఆన్ చేస్తే అందులో ఉన్నది ఉబుంటు 20.04. 2020 ఏప్రిల్‌లో వచ్చిన వెర్షన్ అది, దాని మామూలు సపోర్ట్ 2025 మే నెలతోనే ముగిసింది. కెర్నల్ చూస్తే 5.4. అంటే 2019 నవంబర్ నాటిది. మెషిన్‌లో ఉన్న వైఫై చిప్ అంతకంటే కొత్తది, కాబట్టి ఆ కెర్నల్‌కు అది కనిపించనే లేదు. నెట్‌వర్క్‌ల జాబితాయే రాలేదు. స్పీకర్లలో చప్పుడు లేదు. ఒక్కసారి ఆన్ చేసి వైఫై గుర్తు మీద నొక్కి చూసి ఉంటే వాళ్లకే తెలిసిపోయేది. ఆ మాత్రం కూడా చూడకుండా ప్యాక్ చేసి 'పరీక్షించినది' అని స్టిక్కర్ అంటించారు!

మెయిల్ పెడితే 'కొత్త వెర్షన్ వేసుకోండి' అని ఒక్క ముక్క జవాబు. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి నెట్ తెచ్చుకుని, వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని 24.04 వేశాను. వైఫై, సౌండ్ వచ్చాయి. స్లీప్ మాత్రం సరిగా లేదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో పాత పద్ధతి స్లీప్ తీసేశారు. కొత్త పద్ధతిలో లోపలి భాగాలన్నిటి డ్రైవర్లూ సహకరిస్తేనే మెషిన్ నిజంగా నిద్రపోతుంది. ఏ ఒక్కటి మొరాయించినా మూత మూసి బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ పొయ్యిలా కాలుతూ ఉంటుంది, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. నాది అలాగే అవుతోంది. వేలిముద్ర సెన్సర్‌కైతే లైనక్స్‌లో డ్రైవరే లేదు. అమ్మిన పేజీలో మాత్రం వేలిముద్రతో లాగిన్ అని రాశారు.

ఇక ఫోన్ చేశాను. నన్ను ఇంత రాయిస్తున్నది ఆ ఫోన్ కాలే. అవతలి వ్యక్తి కాసేపు విని, "మేడమ్, లైనక్స్ అంటే ఫ్రీ కదా, ఫ్రీగా వచ్చేదానికి సపోర్ట్ ఎవరిస్తారు? నెట్‌లో వెతికి సెట్ చేసుకోవాలి" అన్నాడు. మరి ట్యూనింగ్ అని తీసుకున్న డబ్బు దేనికి అని అడిగితే "అది ఇన్‌స్టలేషన్ ఛార్జీ" అన్నాడు. పరీక్షించామని రాశారు కదా అంటే "ఆన్ అవుతోందో లేదో చూసే పంపుతాం మేడమ్" అని జవాబు. నాకు నోట మాట రాలేదు. ఆ తర్వాత తనే అన్నాడు, "ఒకసారి విండోస్ వేసి చూడండి, అందులో అన్నీ పనిచేస్తే మీ మెషిన్‌లో లోపం లేనట్టే, వారంటీ కిందకి రాదు."

లైనక్స్ మాత్రమే అమ్ముతామని చెప్పుకునే షాపు, లైనక్స్ కోసమని విడిగా డబ్బు తీసుకున్న షాపు, విండోస్‌లో పనిచేస్తే చాలు అంటోంది. ఆ మాట అనేటప్పుడు గొంతులో చిన్న తడబాటు కూడా లేదు. రోజూ చాలామందికి చెప్పే మాటే అన్నట్టు చెప్పాడు. రిటర్న్ తీసుకోండి అంటే, మేమిచ్చిన ఓఎస్ తీసేశారు కాబట్టి కుదరదన్నాడు. కొత్త వెర్షన్ వేసుకోమన్నది వాళ్లే, ఆ మెయిల్ నా దగ్గర ఉంది. అది చెబితే "పై వాళ్లతో మాట్లాడతా" అని పెట్టేశాడు. మళ్లీ ఎవరూ పలకలేదు.

ఆ కోపంలోనే ల్యాప్‌టాప్ వెనక ఉన్న సీరియల్ నంబరును తయారీ కంపెనీ సైట్‌లో కొట్టి చూశాను. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పుడు అందులో ఉన్నది విండోస్ 11 హోమ్. విండోస్ 8 రోజుల నుంచి లైసెన్సు కీని మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే (డిస్క్‌లో కాక బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) పెడుతున్నారు. డిస్క్ మొత్తం తుడిచేసినా అది పోదు. లైనక్స్‌లో సిస్ ఫోల్డర్, అందులో ఫర్మ్‌వేర్, దాని కింద ఏసీపీఐ, దాని కింద టేబుల్స్ తెరిస్తే ఆ కీ ఉండే ఎంఎస్‌డీఎం అనే ఫైల్ కనబడుతుంది. నా మెషిన్‌లో ఉంది. అంటే మామూలు విండోస్ ల్యాప్‌టాప్ కొని, తుడిచి, మూలన పడి ఉన్న పాత ఉబుంటును దాని మీద వేసి, ధర పెంచి నాకు అమ్మారు. విండోస్ లైసెన్సుకూ నేనే కట్టాను, దాన్ని తీసేసినందుకూ నేనే కట్టాను. లైనక్స్ కోసం పనిచేసేవాళ్లకు పోతుందనుకున్న డబ్బులో ఒక్క పైసా వాళ్లకు చేరలేదు.

నాకు ఉబుంటు వేసుకోవడం వచ్చు కాబట్టి ఈమాత్రమైనా నడుస్తోంది. మొదటిసారి లైనక్స్ చూద్దామని కొన్న విద్యార్థి సంగతేమిటి? వైఫై కూడా రాని మెషిన్ చేతికొస్తే, లైనక్స్ అంటేనే ఇంతేనని అనుకుని మళ్లీ ఆ వైపు చూడడు. ఊరికే పనిచేసి ఇన్నేళ్లు దీన్ని నిలబెట్టినవాళ్లందరికీ ఆ చెడ్డపేరు అంటుకుంటుంది. డబ్బు పోయినదానికంటే నాకు మండుతున్నది అందుకే. దీనికంటే 'డాస్' అని అమ్మే ల్యాప్‌టాప్‌లు నయం. వాటిలో ఫ్రీడాస్ అనే చిన్న ఓఎస్ తప్ప ఏమీ ఉండదు, అది 1994లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టే. ఏమీ లేదని ముందే చెప్పి, చాలాసార్లు ధర తగ్గించి ఇస్తారు.

కొనేవాళ్లు ఇవి చూడండి. ఉబుంటు సైట్‌లో సర్టిఫైడ్ హార్డ్‌వేర్ జాబితా ఉంది, కొనబోయే మోడల్ నంబరు అక్షరం తేడా లేకుండా అందులో ఉందేమో చూడండి. ఒకే పేరు మీద వేరే వైఫై చిప్‌తో మెషిన్లు వస్తుంటాయి. బయాస్ (మెషిన్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్‌లు లైనక్స్‌లోనే ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే టూల్ ద్వారా వస్తాయా అని అడగండి, లేకపోతే వాటి కోసం మళ్లీ విండోస్ కావాల్సి రావచ్చు. ఏ వెర్షన్ వేసి ఇస్తారు, స్లీప్ పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటారా అనేది మెయిల్‌లో రాయించుకోండి. అదే మోడల్ విండోస్‌తో ఎంతకు వస్తోందో పక్కన పెట్టుకుని, పైన కట్టేదానికి ఏమిస్తున్నారో అడగండి.

కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ (డబ్బు వెనక్కి ఇప్పించమనే ఫిర్యాదు) వేశాను. దానికి సాక్ష్యం కోసం నిన్న వాళ్ల పేజీ తెరిస్తే 'ప్రతి భాగమూ పరీక్షించాం' అనే వాక్యం తీసేశారు, వేలిముద్ర లాగిన్ లైను కూడా లేదు. ఆర్డర్ రోజున తీసిన స్క్రీన్‌షాట్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. మీరు ఎక్కడ కొన్నా, డబ్బు కట్టే ముందు పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.