సొంత గుర్రమా, వాటా గుర్రమా: ఏది మేలు?

గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే నా మిత్రుడికి రేసు గుర్రం కొనాలని చిన్ననాటి కోరిక. మన రాష్ట్రంలో రేసుకోర్సు లేదు, గుర్రం ఉండాల్సింది దగ్గర్లోని హైదరాబాదు మలక్‌పేట రేసుకోర్సులో. "ఒక్కణ్ణే ఓ మాదిరి గుర్రం కొననా, నలుగురితో కలిసి మంచి గుర్రంలో వాటా తీసుకోనా?" అని అడిగాడు. వాటాయే మేలన్నాను.

ఏడాది పిల్లను కొంటే దానికి రెండేళ్ళ వయసు వచ్చేదాకా పందెంలో దింపడానికి వీల్లేదు. ఆ తర్వాతా గెలుస్తుందన్న భరోసా లేదు. దాణా, సైసు (గుర్రాన్ని చూసుకునేవాడు) జీతం, ట్రైనర్ ఫీజు, నాలాలు, డాక్టరు ఖర్చు మాత్రం నెలనెలా తప్పవు. ముందుకాలి వెనక స్నాయువు సాగిందంటే నెలల తరబడి విశ్రాంతి, ఖర్చు షరా మామూలే. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు, అందుకే కడుపునొప్పి వస్తే ఒక్కోసారి ప్రాణాల మీదికే వస్తుంది. ఇదంతా ఒక్కడి నెత్తిన పడేకంటే, అదే డబ్బుతో రెండు మూడు గుర్రాల్లో పావలా వంతున వాటా ఉంటే ఒకటి కుంటినా ఇంకోటి పరుగెడుతుంది.

ఎక్కువ ధర పెడితే గెలుపు ఖాయమనుకోవడమూ పొరపాటే. 2006లో అమెరికాలో ది గ్రీన్ మంకీ అనే పిల్లను 1 కోటి 60 లక్షల డాలర్లకు కొన్నారు. అది ఒక్క పందెమూ గెలవలేదు. 17,500 డాలర్లకు వచ్చిన సియాటిల్ స్లూ 1977లో అక్కడి మూడు పెద్ద పందేలూ గెలిచింది. వేల్స్‌లో ఒక ఊరివాళ్ళు 23 మంది వారానికి పది పౌండ్ల చొప్పున వేసుకుని పెంచిన డ్రీమ్ అలయన్స్ 2009లో వెల్ష్ నేషనల్ అనే పెద్ద పందెం గెలిచింది. ఆ సంగతి చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

సొంత గుర్రానికి ఒక సుఖం ఉంది. ఏ ట్రైనర్, ఏ జాకీ, ఎప్పుడు అమ్మాలి అన్నది ఎవరినీ అడగక్కర్లేదు. వాటాలో చిక్కంతా అక్కడే. మా నాన్న, ఆయన మేనబావ కలిసి బండలాగుడు పందేలకు ఒంగోలు గిత్తల జత పెంచారు. ఆరుపళ్ళ విభాగంలో (పళ్ళను బట్టి గిత్తల వయసు లెక్కేస్తారు) ఓడిన రాత్రి, తోలేవాణ్ణి మార్చాలని ఒకరు, వద్దని ఒకరు. చివరికి జతనే అమ్మేశారు. ఆ గిత్తలు లారీ ఎక్కుతుంటే నాన్న ఇంట్లోంచి బయటికి రాలేదు. మాట ఎవరిది చెల్లాలో కొన్నప్పుడే రాసుకుని ఉంటే అవి మా దొడ్లోనే ఉండేవి. అందుకే నలుగురు, మహా అయితే అయిదుగురు చాలు. ట్రైనర్‌తో మాట్లాడేది ఒక్కరే. ఎవరైనా నెల డబ్బు కట్టకపోతే వాళ్ళ వాటా ఏమవుతుంది, ఎంతమంది ఒప్పుకుంటే అమ్మొచ్చు, అన్నీ కాగితం మీద ఉండాలి. వాటాదారుల పేర్లు రేసు క్లబ్బులో నమోదు కావడమూ తప్పనిసరి.

ఇక ఎంపిక. గిత్తకు మనం సుడులు చూస్తాం. గుర్రానికీ సుడులు రాసుకుంటారు గానీ అది గుర్తుపట్టడానికే, అదృష్టానికి కాదు. చూడాల్సింది కాళ్ళు. ఎదురుగా నడిపించి, వెనక్కి నడిపించి, మోకాలు తిన్నగా ఉందా, గిట్టలు జోడుగా ఉన్నాయా చూడాలి. గిట్టకు సరిగ్గా పైనుండే కాలి భాగం మరీ నిటారుగా ఉంటే ప్రతి అడుగు దెబ్బా కీలుకు తగులుతుంది, మరీ వాలితే స్నాయువు మీద బరువు పడుతుంది. వెనక కాలు ముందుకాలి అడుగుజాడను దాటి పడితే నాకు సగం నచ్చినట్టే. ఎక్స్‌రే, గొంతులోకి గొట్టం వేసి చూసే పరీక్ష డాక్టరు చేత చేయించాల్సిందే. ఇంకో సంగతి, ఈ గుర్రాలన్నిటికీ లెక్కలో పుట్టినరోజు జనవరి 1. ఏప్రిల్‌లో పుట్టినది జనవరి పిల్ల పక్కన చిన్నగా కనిపిస్తుంది, దాన్ని తోసిపుచ్చొద్దు.

మగదా, ఆడదా అంటే వాటాదారులకు ఆడదే నయం. పరుగులు అయిపోయాక పిల్లలు పెట్టడానికి పనికొస్తుంది. వట్టలు తీసిన మగ గుర్రానికి ఆ దారి లేదు. ఇప్పటికే పరుగెడుతున్న గుర్రాన్ని కొంటే దాని సత్తా ముందే తెలుస్తుంది, కానీ బాగా గెలిచేదాన్ని ఎవరమ్ముతారు?

మిత్రుడికి ఇద్దరు దొరికారు, నాలుగో మనిషి కోసం చూస్తున్నాడు. ఈలోగా ఒప్పందం కాగితం అరండల్‌పేటలో ఒక ప్లీడరు గారి దగ్గర రాయిస్తున్నాం.